రెండు బ్రహ్మకమలాలూ, ఒక మాడుగుల అల్లీ

వానాకాలం నడిమికొచ్చేసరికి మాకవరపాలెం చుట్టుపక్కల ఏదో ఒక ఇంటి పెరట్లో బ్రహ్మకమలం పూస్తుంది. సాయంత్రానికే వీధంతా కబురు పాకిపోతుంది. రాత్రి తొమ్మిది దాటాక మొగ్గ విచ్చుకోవడం మొదలుపెడితే పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ వచ్చి, పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టుకుని, ఫోన్లలో ఫొటోలు తీసుకుని వెళతారు. తెల్లారేసరికి అంత పువ్వూ తడిగుడ్డలా వేలాడిపోతుంది. మర్నాడో ఆ మర్నాడో పత్రికలో, జిల్లా పేజీ అడుగున, చిన్న ఫొటో పడుతుంది: ఫలానా వారింట విరబూసిన బ్రహ్మకమలాలు.

అది బ్రహ్మకమలం కాదంటే ఆ ఇంటావిడకు కోపం రాకుండా ఉండదు. అసలు ఒక మొక్కను చూపించి "ఇది అది కాదు" అనే హక్కు ఎవరికైనా ఎక్కణ్నుంచి వస్తుంది? ఎవరూ ఇంతవరకు పేరు పెట్టని మొక్కను పట్టుకుని "ఇది కొత్తది" అనే హక్కు ఇంకెక్కణ్నుంచి వస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

మన కుండీల్లో పూసేది ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్. నాగజెముడు కుటుంబం. దానికి ఆకుల్లా కనిపించేవి ఆకులు కావు, బల్లపరుపుగా సాగిన కాండాలు. అందుకే "ఆకు" తుంచి గుచ్చితే మొక్క వస్తుంది, "ఆకు" అంచునుంచి మొగ్గ వేలాడుతుంది. పుట్టిల్లు మెక్సికో, దానికి దక్షిణాన ఉన్న దేశాల తడి అడవులు. హిమాలయాల్లో కేదారనాథుడికి సమర్పించే బ్రహ్మకమలం సాసూరియా అబ్వల్లాటా. అది బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానిది. దాదాపు 3,700 మీటర్లకు పైన, చెట్టన్నది నిలవని ఎత్తులో, రాళ్ల సందుల్లో మొలుస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం అదే. దాని రేకులనుకునేవి కూడా రేకులు కావు. ఊదారంగు చిన్నచిన్న పువ్వుల ముద్ద చుట్టూ కాగితమంత పల్చగా లేచిన పుష్పపుచ్ఛాలు. బయట గాలి ఒళ్లు కోస్తున్నా ఆ గుడారంలో కాస్త వెచ్చగా ఉంటుంది. అబ్వల్లాటా అంటే లాటిన్‌లో చుట్టూ కోటగోడ కట్టినది అని అర్థం.

విచిత్రమేమిటంటే, ఈ రెండింటినీ శాస్త్రలోకానికి మొదట వర్ణించి చెప్పినవాడు ఒక్కడే. జెనీవా వృక్షశాస్త్రజ్ఞుడు అగస్టీన్ పిరామ్ ద కండోల్. లోకంలోని విత్తన మొక్కలన్నిటినీ ఒక్క గ్రంథంలోకి ఎక్కించాలని పూనుకుని ఆయన మొదలుపెట్టిన 'ప్రోడ్రోమస్'లో మెక్సికో మొక్క 1828లో, హిమాలయపు మొక్క 1838లో చోటు సంపాదించాయి. తర్వాతివాళ్లు రెండింటి ప్రజాతినీ, అంటే పేరులో మొదటి మాటనూ, మార్చారు గానీ, ఆక్సీపెటాలమ్, అబ్వల్లాటా అని ఆయన పెట్టిన రెండో పేర్లు, మొదటిదానికి కాస్త లింగం మారినా, అలాగే నిలిచాయి. ఆయనకు ఈ రెండూ ఏనాడూ కలగాపులగం కాలేదు. మనకెందుకు అయ్యాయి?

ఆయన పెట్టిన పేరు గుంజకు కట్టిన దూడ. మన బ్రహ్మకమలం ఊరిమీదికి వదిలేసిన ఆంబోతు.

శాస్త్రీయ నామానికి గుంజ ఏమిటంటే, ఎండబెట్టి అట్టకు అతికించిన ఒక కొమ్మ. ప్రపంచంలో ఏదో ఒక హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో, ఒక బీరువాలో, ఒక సంఖ్యతో అది ఉంటుంది. దాన్ని మూల నమూనా అంటారు, శాస్త్రజ్ఞుల మాటలో హోలోటైప్. ఆ పేరు ఎప్పటికీ ఆ కొమ్మది. దూడ ఎంత దూరం మేయవచ్చు, అంటే ఎలాంటి మొక్కలన్నిటినీ ఆ పేరు కిందికి తేవచ్చు అన్నది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది తరానికో రకంగా మారుతుంది. పలుపు పొడుగు మారినా గుంజ మాత్రం కదలదు. అనుమానం వచ్చిన ప్రతివాడూ వెళ్లి ఆ కొమ్మనే చూస్తాడు. "ఇది అది కాదు" అనే హక్కు ఆ కొమ్మ ఇచ్చినది.

మన ఉత్తర కోస్తా మొక్కలకు ఇలా గుంజలు పాతినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ మనిషి, ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్ బాధ్యత తీసుకునేదాకా సామర్లకోటలో ఉన్నాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి ఇంగ్లండుకు పంపితే, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి 1820 దాకా మూడు పెద్ద సంపుటాలు వెలువడ్డాయి. మొత్తం 300 బొమ్మలు. వేసిన చేతుల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

రాక్స్‌బర్గ్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. మొక్కను వర్ణించి ఊరుకోలేదు, తెలుగువాళ్లు దాన్ని ఏమంటారో అడిగి రాసుకున్నాడు. బీడీ ఆకు తునికికి డయోస్పైరస్ మెలనోజైలాన్ అని పేరు పెట్టింది ఆయనే. నల్లచేవ కలది అని దానికి అర్థం. జ్వరాన్ని తరిమేది అని ఫెబ్రిఫ్యూగా అనే పేరు పెట్టిన సోమిద చెట్టునైతే ఇంకా చిత్రమైన అదృష్టం వరించింది. 1830లో ఫ్రెంచివాడు అడ్రియన్ ద జుస్యూ దాన్ని సొంత ప్రజాతిగా విడదీసినప్పుడు మన మాటనే ప్రజాతి పేరు చేసేశాడు. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అని ప్రపంచంలో ఎక్కడ ఎవరు రాసినా అందులో ముందున్నది తెలుగు.

అదే రాక్స్‌బర్గ్‌కు మోదుగ దగ్గర దెబ్బ తగిలింది. దానికి బ్యూటియా ఫ్రాండోసా అని ఆయన పుస్తకంలో అచ్చయిన పేరు వందేళ్లు చలామణి అయింది. కానీ అంతకు కొన్నేళ్ల ముందే లామార్క్ ఆ చెట్టునే మోనోస్పెర్మా అంటూ వర్ణించాడు. కాయకొకటే గింజ ఉంటుందని ఆ పేరు. ముందు అచ్చయిన పేరుదే పెత్తనం అన్నది వృక్షశాస్త్రంలో వదలని నియమం. అందుకే ఇవాళ మోదుగ బ్యూటియా మోనోస్పెర్మా. కొత్త మొక్క దొరికిందని సంబరపడే ప్రతివాడికీ ఈ మోదుగ కథ ముందు వినిపించాలి.

ఇక మాడుగుల సంగతి. మాడుగుల అంటే మనకు హల్వా. వృక్షశాస్త్రజ్ఞులకు అల్లిచెట్టు.

అల్లి మనకు తెలిసిన చెట్టే. డొంకల్లో, రాతి నేలల్లో గుబురుగా పెరుగుతుంది. ఆకులు దళసరిగా, మెరుస్తూ, ఎదురెదురుగా ఉంటాయి. వేసవిలో కొమ్మల పొడుగునా నీలం నలిపి చల్లినట్టు పూలగుత్తులు అంటుకుంటాయి. చిన్న పండు నల్లబడ్డాక పిల్లలు తింటారు. ఆకులు వెనకటి నుంచీ అద్దకంలో పనికొచ్చాయి. దీన్ని రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ పుస్తకం మొదటి సంపుటంలో మెమెసిలాన్ ఎడ్యులే అన్నాడు. ఎడ్యులే అంటే తినదగినది. తరవాతి శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా ఫ్లోరా, అంటే ఇక్కడి మొక్కలన్నిటి వర్ణన గ్రంథం, రాసినవాళ్లు అల్లిని పోలిన మొక్కలను చాలావాటిని తెచ్చి ఎడ్యులే కిందే రకాలుగా కుక్కారు. పలుపు మరీ పొడుగు వదిలారన్నమాట. వృక్షశాస్త్రంలో ఎప్పుడూ రెండు పక్షాలుంటాయి: కలిపేవాళ్లు, విడదీసేవాళ్లు. జేమ్స్ సైక్స్ గాంబుల్ రెండో పక్షం. అడవుల శాఖలో పనిచేసి రిటైరై, ఇంగ్లండు వెళ్లి, మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలన్నిటి మీదా ఫ్లోరా రాయడం మొదలుపెట్టాడు. తొలి భాగం 1915లో వచ్చింది. 1925లో ఆయన పోయాడు. మిగిలినదాన్ని సి.ఇ.సి. ఫిషర్ 1936కు పూర్తిచేశాడు. ఆ పనిలో భాగంగా అల్లి ప్రజాతి నమూనాలను ఒక్కొక్కటే తిరగేస్తూ గాంబుల్ వేరుచేసిన జాతుల్లో ఒకటి మెమెసిలాన్ మాడ్గొలెన్సె. మాడుగుల కొండలది అని అర్థం. మెమెసిలాన్ లాటిన్‌లో నపుంసకలింగం కాబట్టి చివర ఎన్సె అని వచ్చింది. అరకు పేరు మోసే తీగ ఆర్జీరియా స్త్రీలింగం కనుక అది అరకుయెన్సిస్ అయింది. మన ఊళ్ల పేర్లు లాటిన్ వ్యాకరణంలో ఇలా ఒదిగిపోయాయి.

కొత్త జాతి అనగానే ఎవరో కొండెక్కి, పొదలు తప్పించి, పువ్వు చూసి కేక వేసినట్టు మనకు తోస్తుంది. కానీ కొత్తదనం చాలాసార్లు బల్లమీద బయటపడుతుంది. ఎలాగో చూడ్డానికి, మీరే మాడుగుల కొండమీద ఒక అల్లి ముందు నిలబడ్డారనుకోండి. పూలగుత్తి మీకు తెలిసిన అల్లిలా లేదు. ఏం చెయ్యాలి?

ముందు చేతులు కట్టుకోవాలి. అది రిజర్వు ఫారెస్టయితే అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు తుంచకూడదు. జీవవైవిధ్య చట్టం 2002 ఉంది. అనుమతి ఉందనుకుందాం. పూలూ కాయలూ ఉన్న కొమ్మ కావాలి, ఒక్కటి కాదు, నాలుగైదు, వేర్వేరు సంస్థల్లో దాచడానికి. కొయ్యక ముందే పుస్తకంలో రాసుకోవలసినవి చాలా ఉన్నాయి. ఎత్తు, దిక్కు, రాయి రకం, చుట్టూ ఏ చెట్లున్నాయి, బెరడు ఎలా ఊడుతోంది, పువ్వు వాసన, అన్నిటికంటే ముఖ్యంగా రంగు. ఎండితే అల్లి నీలం నిలవదు. నూరేళ్ల తర్వాత ఆ అట్ట చూసేవాడికి మీరు రాసిన "నీలం" అనే మాట తప్ప ఇంకే ఆధారమూ ఉండదు.

తర్వాత పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, చెక్కల నడుమ బిగించాలి. జిల్లా పేజీ ఇక్కడ ఇంకోలా పనికొస్తుంది. వానాకాలంలో రోజూ కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. కొన్ని పువ్వులను ఆల్కహాల్ సీసాలో వెయ్యాలి, ఎందుకంటే నొక్కిన పువ్వు చపాతీ అయిపోతుంది, దాని లోపలి నిర్మాణం తెలీదు. ఒకటి రెండు లేత ఆకులను సిలికా జెల్‌లో పెడితే డీఎన్‌ఏ పాడవకుండా ఉంటుంది. ఎండినవాటిని దళసరి కాగితం మీద అతికించి, మూల చీటీ అంటిస్తే హెర్బేరియం షీటు తయారవుతుంది. ఆ చీటీ లేని షీటు ఎండుగడ్డితో సమానం.

అప్పుడు మొదలవుతుంది అసలు పని: ఇది పాతదేనని రుజువు చేసే ప్రయత్నం. అవును, పాతదేనని. మంచి వృక్షశాస్త్రజ్ఞుడు తన కొత్త జాతిని చంపడానికి తానే ముందు కత్తి నూరతాడు. ఫ్లోరా పుస్తకాల్లో 'కీ' అని ఒకటి ఉంటుంది. రెండేసి ప్రశ్నల మెట్లదారి అది. ఆకులు ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా? ఈనెలు మూడు కలిసి కొన దాకా వెళ్తున్నాయా, నడుమ ఒకటేనా? అల్లి కుటుంబంలో చాలా మొక్కలకు ఆకు అడుగున మొదలై చివర కలిసే మూడో అయిదో ఈనెలుంటాయి. అల్లికి మాత్రం నడిమి ఈనె ఒకటే స్పష్టం, పక్కవి దళసరి ఆకులో దాక్కుంటాయి. ఇలా ఒక్కొక్క మెట్టూ దిగుతూ మీరు మెమెసిలాన్ దాకా వచ్చారు. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా దానిలో మూడు వందలకు పైగా జాతులున్నాయి. ఇక సూక్ష్మదర్శిని తప్పదు. నాలుగు రేకులు, ఎనిమిది కేసరాలు. ప్రతి కేసరం వీపు మీద సన్నని గుంటలా నూనె గ్రంథి. కాడ పొడుగెంత, పూగుత్తి కొమ్మ కొన నుంచా ఆకురాలిన గణుపు నుంచా, కాయ గుండ్రమా కోలా. ఈ కొలతలన్నీ ఒక్క చెట్టువి చాలవు. నీడలో పెరిగిన అల్లి ఆకు, ఎండలో పెరిగినదాని ఆకు ఒక్కలా ఉండవు. ఒకే చెట్టు మీద పై కొమ్మకూ కింది కొమ్మకూ తేడా ఉంటుంది. ఈ మాట మరిచిపోయి ప్రకటించిన "కొత్త జాతులు" ఎన్నో తర్వాత పాతవాటిలో కలిసిపోయాయి.

పోల్చడానికి విశాఖ కొండల వరకు మనకు మంచి పుస్తకాలే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖలో జె. వెంకటేశ్వర్లు, ఆయన సహచరులు చేసిన విశాఖపట్నం ఫ్లోరాను 1972లో ఆంధ్రప్రదేశ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ అచ్చువేసింది. జి.వి. సుబ్బారావు, జి.ఆర్. కుమారి విశాఖ జిల్లా మొక్కల మీద చేసిన పనిని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా రెండు సంపుటాలుగా తెచ్చింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో టి. పుల్లయ్య రాష్ట్రమంతటి ఫ్లోరాకు పూనుకున్నారు. ఇవి చాలకపోతే మూల నమూనాలనే చూడాలి. ఒకప్పుడు అందుకు లండన్ ఓడ ఎక్కాలి. ఇప్పుడు చాలా షీట్లు తెరమీదికే వస్తాయి. హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియం, కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియం మనకు దగ్గరి బీరువాలు.

డీఎన్‌ఏ ఇప్పుడు తప్పనిసరి అలంకారమైంది. రెండు మూడు జన్యు భాగాలను చదివి, బంధువుల వాటితో పోల్చి, చెట్టు బొమ్మ గీస్తారు. పనికొచ్చేదే. ఒకేలా కనిపించే రెండు మొక్కలు దగ్గరి బంధువులు కావని అది బయటపెట్టగలదు. కానీ ఎక్కడ గీత గీస్తే జాతి అవుతుందో డీఎన్‌ఏ చెప్పదు. ఆ గీత మనిషే గియ్యాలి, ఎందుకు గీశాడో రాయాలి.

ఇవన్నీ దాటాక అచ్చు. నియమాలకు మొదలు 1753 మే 1. లిన్నేయస్ పుస్తకం 'స్పీసీస్ ప్లాంటారమ్' తేదీ అది. అంతకు ముందు ఎవరు ఏ పేరు పెట్టినా చెల్లదు. 1958 నుంచి మూల నమూనా చూపించని పేరు చెల్లదు. 1935 నుంచి 2011 చివరిదాకా కొత్త మొక్క వర్ణన లాటిన్‌లో ఉండి తీరాలి. 2012 నుంచి లాటిన్ గానీ ఇంగ్లీషు గానీ చాలు. తెలుగులో ఎంత చక్కగా వర్ణించినా ఆ పేరుకు ప్రాణం రాదు. కాబట్టి ఆ ఒక్క పేరా ఇంగ్లీషులో రాసుకోండి, మిగతాది మన భాషలో చెప్పుకుందాం.

మూల నమూనాతో పాటు ఆ పేరా ఉంటే చాలు. దగ్గరి బంధువు ఫలానా, దాని నుంచి దీనికి తేడా ఫలానా ఫలానా అని రెండు మూడు వాక్యాలు. అదే ప్రాణం. మిగతా పేజీలన్నీ దానికి సాక్ష్యాలు. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు రెండు వేల మొక్కలు ఇలా పేరు పొందుతున్నాయి. అందులో మన దేశం వాటాను బొటానికల్ సర్వే ఏటేటా ఒక పుస్తకంగా వేస్తుంది. కనుగొన్నవాడు తన పేరే పెట్టుకోవడం నిషేధం కాదు గానీ, అలా చేసినవాణ్ని చూసి తోటివాళ్లు నవ్వుతారు. రంపచోడవరం, గూడెం కొండల్లో మొక్కలు పోగేసిన వి. నారాయణస్వామి పేరు ఒక నేల ఉసిరి బంధువుకు దక్కిందంటే అది గాంబుల్ పెట్టడం వల్లే.

మళ్లీ బ్రహ్మకమలం ఎత్తుకు వెళ్దాం. ఆల్పైన్ మొక్కలంటే చెట్ల గీతకు పైన బతికేవి. తూర్పు హిమాలయాల్లో ఆ గీత 4,000 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు 1,680 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. మాకవరపాలెంలో బస్సెక్కి, నర్సీపట్నం దాటి, ఘాట్ మీదుగా లంబసింగి చేరితే వెయ్యి మీటర్లు పైకి వెళ్లినట్టు. కిలోమీటరుకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద జీడిమామిడి తోటల్లో చొక్కా తడిసిన రోజునే పైన కాఫీ తోటల్లో దుప్పటి వెతుక్కుంటాం. అయినా అక్కడా చెట్లే. అసలైన ఆల్పైన్ మొక్క కావాలంటే మన కొండ మీద ఇంకో కొండ పెట్టి, దాని మీద మరికొంత పెట్టాలి. చలిగాలిని తప్పించుకోవడానికి నేలకు అతుక్కుని దిండులా పెరగడం, ఒళ్లంతా నూగు కప్పుకోవడం, పువ్వు చుట్టూ గుడారం వేసుకోవడం అక్కడి బతుకు విద్యలు. వాటి అవసరం లంబసింగి మొక్కకు లేదు.

కానీ ఒక పోలిక ఉంది. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడ కాదు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వాటిని ముక్కలు చేసేశాయి. ఒక్కో కొండగుంపు మైదానం అనే సముద్రంలో దీవి. పైన చల్లదనానికి అలవాటుపడ్డ మొక్క కింది వేడిలోకి దిగి పక్క దీవికి ఈదలేదు. వేల ఏళ్లు అలా విడిపోయి ఉంటే దాని పోకడ దానిది. హిమాలయంలో లోయలు చేసే పనిని మన దగ్గర నదులూ మైదానమూ చేస్తాయి.

ఆ హిమాలయంలోనే, నేపాల్లో గణేశ్ హిమాల్ వాలుల్లో, 3,300 నుంచి 4,200 మీటర్ల ఎత్తులో, పసుపు పువ్వులు పూసే ఒక పాపీ మొక్కకు 2011లో మెకొనాప్సిస్ ఆటమ్నాలిస్ అని పేరు వచ్చింది. శరత్కాలంలో ఆలస్యంగా పూస్తుందని ఆ పేరు. వర్ణించినవాడు పాల్ ఈగన్. మరుసటి ఏడాది ప్రపంచంలోని పది ప్రముఖ కొత్త జాతుల జాబితాలోకి అది ఎక్కింది. అసలు విషయం ఏమిటంటే, ఆ మొక్కను 1962లోనే ఆడమ్ స్టెయిన్‌టన్ కోసి ఎండబెట్టాడు. 1994లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ కోశారు. రెండుసార్లూ అది బీరువాలోకి వెళ్లి నిద్రపోయింది. చేతుల్లోకి వచ్చింది, గుర్తింపులోకి రాలేదు.

ఇది ఒక్క పాపీ దురదృష్టం కాదు. 2010లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన కొత్త జాతుల మూల నమూనాలు కోసిన తేదీలను లెక్కపెట్టింది. కోసిన అయిదేళ్లలోపు పేరు పొందినవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతు మొక్కలకు యాభై ఏళ్లకు పైబడిన నమూనాలే ఆధారం. అంటే కొత్త జాతుల అడవి ఒకటి బీరువాల్లో కూడా ఉంది. కాలేజీల్లో వృక్షశాస్త్ర విభాగాలు మూతపడుతున్నప్పుడు వాటి హెర్బేరియం గదులకు తాళం వేసి చెదలకు వదిలేయడం నన్ను అందుకే బాధపెడుతుంది. కొండ మీద అడవి నరికితే పేపర్లో వస్తుంది. ఈ అడవి పోతే రాదు.

పేరు పెట్టాక మొక్కకు కొత్తగా ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్లున్నారు. సూటిగా చెప్పాలంటే, చట్టం ముందు దానికి ఒక ముఖం వస్తుంది. ఎంత ప్రాంతంలో ఉందో రెండేసి కిలోమీటర్ల గళ్లు గీసి లెక్క కడతారు. ఎన్ని గళ్లలో దొరికితే అంత ధైర్యం. ఒకటి రెండు గళ్లకే పరిమితమైతే అంతరించే ప్రమాదమున్న జాబితాలో పడుతుంది. పేరు లేని మొక్క ఏ జాబితాలోనూ పడదు, ఏ ప్రాజెక్టు నివేదికలోనూ అడ్డురాదు.

ఈ మాట మాకవరపాలెంలో అనడానికి కారణముంది. ఈ మండలంలోనే రాచపల్లి దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీ లేచింది, పైన ఏజెన్సీ కొండల్లో ఉన్న బాక్సైటు నమ్ముకుని. గిరిజనులు ఒప్పుకోలేదు, జెర్రెల కొండల్లో తవ్వకం సాగలేదు. బాక్సైటు ఈ కొండలకు నెత్తిన ఉంటుంది. లక్షల ఏళ్ల వానకు ఖోండలైట్ రాయిలోంచి మిగతావన్నీ కొట్టుకుపోగా పైన మిగిలిన పెంకు అది. దీవి లాంటి కొండ మీద ప్రత్యేకమైన మొక్కలకు నివాసమూ ఆ పైభాగమే. చాలా మొక్కల వేళ్లకు అల్యూమినియం విషం. కానీ అల్లి ప్రజాతి దాన్ని పీల్చి ఆకుల్లో దాచుకోగల మొక్కల సరసన ఉంది. ఎండు ఆకు కిలోకు ఒక గ్రాముకు పైన అల్యూమినియం పోగేసే మొక్కలను శాస్త్రజ్ఞులు సంచయకాలంటారు. అద్దకంలో అల్లి ఆకు రంగును బట్టకు పట్టించడానికి ఈ గుణమే ఆధారం. ఫ్యాక్టరీ కరెంటూ కాస్టిక్ సోడా పెట్టి చెయ్యాలనుకున్న పనిని ఒక గుబురుచెట్టు వాన నీళ్లతో కొద్దికొద్దిగా చేస్తోంది.

మరి కొండమీది మనుషుల మాటేమిటి? కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కొందులు ఈ మొక్కల మధ్య తరాలుగా బతుకుతున్నారు. వాళ్లు చూడని మొక్కను మనం "కనుగొనడం" జరగదు. గుంజకు కట్టడమే మనం చేసేది. రాక్స్‌బర్గ్ రెండు వందల ఏళ్ల కిందట అడిగి రాసుకున్నట్టు వాళ్ల పేరును కూడా చీటీ మీద రాసుకోవడం కనీస మర్యాద. ఆ పని చెయ్యని షీట్లు మన హెర్బేరియాల్లో కొల్లలు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. మాడుగుల వైపో, చింతపల్లి వైపో, సప్పర్ల వైపో వెళ్లినప్పుడు తెలియని పువ్వు కనిపిస్తే పీకొద్దు. మొక్క మొత్తం ఒక ఫొటో, ఆకు పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి, ఆకులు కాండానికి అతికిన చోటు ఒకటి, పువ్వు ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కాయ ఉంటే అదొకటి. పక్కన ఒక రూపాయి బిళ్లో, పెన్నో పెడితే పరిమాణం తెలుస్తుంది. చోటు, తేదీ రాసుకోండి. పక్క ఊళ్లో ఎవరినైనా అడిగి, వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే, వాళ్లు పలికినట్టే రాయండి. తీసుకెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం వాళ్లకో, హైదరాబాదులోని బొటానికల్ సర్వే ప్రాంతీయ కేంద్రానికో చూపించండి. నూటికి తొంభై తొమ్మిదిసార్లు పాతదే అంటారు. బాధపడకండి, వాళ్ల పనే అది.

ఇక మీ పెరట్లో ఎపిఫిల్లమ్ మొగ్గ వేసిన సాయంత్రం నాకూ కబురు పంపండి. బ్రహ్మకమలమనే చెప్పి పంపండి, వస్తాను.